విందుకు పిలవని వాళ్ళు

డిటెక్టివ్ నవలను గురించి అభ్యుదయ విమర్శకులమైన మనం సాధారణంగా రెండే మాటలు చెబుతూ వచ్చాం. అది కాలక్షేపం అన్నది మొదటి మాట. అది మత్తుమందు అన్నది రెండో మాట. ఈ రెండు మాటలూ అన్నాక మూడో మాట అవసరం లేదనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. తరగతిలో పిల్లల చేతుల్లో అలాంటి పుస్తకం కనబడితే లాక్కుని బల్లసొరుగులో పడేసిన రోజులున్నాయి.

ఆ మధ్య పదో తరగతి కుర్రాడొకడు అలా లాక్కున్న పుస్తకాన్ని తిరిగి తీసుకోవడానికి వచ్చి నన్నొక ప్రశ్న అడిగాడు. అది 1939లో వెలువడిన అగాథా క్రిస్టీ నవల 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. "మాస్టారూ, ఆ వంటావిడ రాత్రి చచ్చిపోయింది గదండీ. పొద్దున్నే ఆవిడ మొగుడు అందరికీ టిఫిను ఎలా పెట్టాడండీ?" అన్నాడు. ఎమ్మే చదివే రోజుల్లో ఆ నవలను నేను ఒక్క రాత్రిలో పూర్తిచేశాను. హంతకుడెవరో తెలుసుకోవాలన్న తొందరలో ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. అప్పటికప్పుడు వాడికి ఏదో సర్దిచెప్పి పంపించాను. అసలు జవాబు చెప్పడానికి మాత్రం ఇలాంటి నవలలన్నీ మళ్ళీ చదవవలసి వచ్చింది.

పిలిచిన అతిథుల మధ్య, విందులోనో విడిదిలోనో పెళ్ళిలోనో, హత్య జరిగే నవలలు ఇంగ్లీషులో ఒక ప్రత్యేక శాఖగా పెరిగాయి. రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో అవి బలంగా వేళ్ళూనుకున్నాయి. నేటికీ అమ్ముడుపోతున్నాయి. ఇన్ని తరాల పాఠకులను పట్టి ఉంచిన రూపాన్ని 'మత్తు' అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తే, ఆ మత్తు దేనితో తయారయిందో మనకు ఎన్నటికీ తెలియదు.

ముందు శిల్పం సంగతి చూద్దాం. హత్యానవలకు విందు ఎందుకంత అనుకూలమైన రంగస్థలం అయింది? మూడు కారణాలు పైకి కనిపిస్తాయి. ఒకటి, విందుకు లెక్క ఉంటుంది. ఎవరిని పిలిచారో, ఎవరెక్కడ కూర్చున్నారో ముందే తెలుసు. అనుమానితుల జాబితాను ఆహ్వానపత్రికే తయారుచేసి పెడుతుంది. రెండు, మామూలుగా ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ళు కూడా విందులో పక్కపక్కన కూర్చుని నవ్వవలసి వస్తుంది. పాత పగలు మర్యాద చాటున నక్కి ఉంటాయి. మూడు, మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు. తలుపు తెరిచి ఉన్నా అతిథి బందీయే. ఆ బంధాన్ని ఇంకా బిగించాలంటే ఒక దీవి, ఒక తుఫాను చాలు.

ఈ మూడింటి అడుగున నాలుగో కారణం ఉంది. విందు అంటే కొందరిని పిలవడం మాత్రమే కాదు, మిగిలిన వాళ్ళను పిలవకపోవడం కూడా. బల్ల ముందు కూర్చున్నవాళ్ళు లెక్కలోకి వస్తారు. బల్ల వెనక నిలబడ్డవాళ్ళు రారు. ఈ విభజనను డిటెక్టివ్ సాహిత్యం ఒక సూత్రంగానే రాసిపెట్టుకుంది. అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ 1928లో డిటెక్టివ్ కథలకు ఇరవై నియమాలు ప్రకటించాడు. పనివాణ్ణి నేరస్థుడిగా చూపించకూడదన్నది వాటిలో ఒకటి. దానికి ఆయన చెప్పిన కారణం గమనించదగ్గది: అది మరీ తేలిక పరిష్కారమట, నేరస్థుడు కాస్త విలువైన మనిషి అయివుండాలట. ఇది పనివాళ్ళ మీద జాలితో పెట్టిన నియమం కాదు. హంతకుడయ్యే అర్హత కూడా పనివాడికి లేదని ఇచ్చిన తీర్పు.

క్రిస్టీ చాలావరకు ఈ నియమానికి కట్టుబడింది. కట్టుబడుతూనే దాని లోగుట్టును బయటపెట్టింది. 1930లలో వచ్చిన 'త్రీ యాక్ట్ ట్రాజెడీ'లో సర్ చార్లెస్ కార్ట్‌రైట్ అనే పేరుమోసిన నటుడు తన స్నేహితుడైన డాక్టరు ఇంటి విందుకు బట్లరు వేషంలో వెళ్ళి ఆ స్నేహితుడికే విషం పెడతాడు. ఆ అతిథుల్లో అతణ్ణి బాగా ఎరిగినవాళ్ళున్నారు. ఒక్కరూ పోల్చుకోరు. 'స్పార్క్‌లింగ్ సైనైడ్' (1945)లో లండన్‌లోని ఒక ఖరీదైన రెస్టారెంటులో పుట్టినరోజు విందులో ఒక ధనికురాలు షాంపేన్ తాగి చనిపోతుంది. ఏడాది తిరిగాక అదే బల్ల దగ్గర ఆమె భర్త అదే విధంగా చనిపోతాడు. ఆ రెండో విందులో గ్లాసులోకి విషం చేరింది వెయిటరు దుస్తుల్లో తిరిగిన మనిషి చేతిమీదుగా.

అంతకుముందే చెస్టర్టన్ 1910 నాటి 'ది క్వీర్ ఫీట్' కథలో ఈ కిటుకును మరింత సూటిగా వాడుకున్నాడు. ఒక సంపన్నుల క్లబ్బు విందులో పెద్దమనుషులకూ వెయిటర్లకూ ఒకే రకం నల్లకోటు ఉండడాన్ని ఆసరా చేసుకుని ఒక దొంగ వెండి సామాను కాజేస్తాడు. పెద్దమనుషుల మధ్య వెయిటరులా, వెయిటర్ల మధ్య పెద్దమనిషిలా నడుస్తాడు. నడక మారితే చాలు, వర్గం మారిపోతుంది.

ఈ ఎత్తులు ఎందుకు పారుతున్నాయి? అతిథులు పనివాడి ముఖం చూడరు గనక. పాఠకుడు ఎందుకు మోసపోతున్నాడు? అతనూ అతిథులతో పాటు బల్ల ముందే కూర్చున్నాడు గనక. కాబట్టి ఈ నవలల్లో వర్గదృష్టి అనేది కథకు పైన పూసిన రంగు కాదు. కథ నడిచే యంత్రమే అది. పాఠకుడి అంధత్వం మీద ఆధారపడి కథ నడుస్తుంది. మనం విమర్శించవలసింది ఈ యంత్రాన్ని. విమర్శించాలంటే ముందు విప్పి చూడాలి.

ఇక ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరికి వద్దాం. డెవన్ తీరానికి దగ్గరలో ఒక దీవి. ఓవెన్ అనే పేరు పెట్టుకున్న అజ్ఞాతవ్యక్తి పిలుపులు అందుకుని ఎనిమిదిమంది అక్కడికి చేరతారు. వాళ్ళకు వండి వడ్డించడానికి రోజర్స్ దంపతులు ముందే పనిలో కుదిరి ఉంటారు. మొదటి రాత్రి భోజనాలయ్యాక గ్రామఫోన్ రికార్డు మోగుతుంది. చట్టానికి చిక్కని ఒక్కొక్క చావును పేరుపేరునా వాళ్ళ నెత్తిన మోపుతుంది. ఎనిమిదిమంది మీద కాదు, పదిమంది మీద. రోజర్స్ దంపతులు తమ ముసలి యజమానురాలికి వేళకు మందు అందకుండా చేశారన్నది వాళ్ళ మీది ఆరోపణ.

అంటే నేరంలో క్రిస్టీ పనివాళ్ళకు సమానత్వం ఇచ్చింది. పనిలో మాత్రం ఇవ్వలేదు. వంటావిడ ఆ రాత్రే నిద్రలో చనిపోతుంది. తెల్లవారాక రోజర్స్ ఫలహారం అమరుస్తాడు. అతిథులు తినడం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు డాక్టరు ఆ చావు కబురు చెబుతాడు. ఆ మర్నాడు పొద్దున పొయ్యిలోకి కట్టెలు కొడుతూ ఉండగా గొడ్డలివేటుకు రోజర్స్ చనిపోతాడు. ముద్దాయిగా అందరితో సమానుడు, చచ్చేదాకా అందరికీ పనివాడు. అతను పోయాక వంటింట్లోకి ఎవరు వెళ్ళారో కూడా చూడండి. మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళు వెళతారు. చావు అందరినీ సమానం చేస్తుందనే వేదాంతం మనం చాలా విన్నాం. చావు తరుముకొస్తున్న ఆ దీవిలో కూడా ఎవరు వండాలి, ఎవరు తినాలి అన్నది చెక్కుచెదరలేదు.

దీనికన్నా ముఖ్యమైనది శిక్షల క్రమం. హంతకుడు వార్‌గ్రేవ్ అనే విశ్రాంత న్యాయమూర్తి. దోషం తక్కువున్నవాళ్ళు ముందు పోవాలి, ఎక్కువున్నవాళ్ళు భయంతో కుమిలి కుమిలి చివర పోవాలి అన్నది ఆయన పథకం. చివర్లో బయటపడే ఒప్పుకోలు పత్రంలో ఈ సంగతి ఉంది. సరే, ఆయన తక్కెడ ఎలాంటిదో చూద్దాం. మొదట చనిపోయేవాడు ఆంథొనీ మార్‌స్టన్. మితిమీరిన వేగంతో కారు నడిపి ఇద్దరు పిల్లల్ని చంపాడు. వాళ్ళు ఏదో చిన్న ఇంట్లోంచి రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు, అంతే అతనికి గుర్తు. లైసెన్సు పోయినందుకు తప్ప అతనికి మరో విచారం లేదు. అందరికన్నా చివర చనిపోయేది వేరా క్లేథార్న్. తాను ప్రేమించినవాడికి ఆస్తి దక్కాలని, వారసుడైన పసివాణ్ణి సముద్రంలో మునిగిపోనిచ్చింది. ఆమెకు ముందు చనిపోయేవాడు ఫిలిప్ లంబార్డ్. తూర్పు ఆఫ్రికాలో తన వెంట ఉన్న 21 మందిని అడవిలో వదిలేసి, ఉన్న తిండి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ చిన్న ఇంటి పిల్లలిద్దరూ ఈ తక్కెడలో అన్నిటికన్నా తేలిక. 21 మంది ఆఫ్రికన్ల కన్నా ఒక్క వారసుడు బరువు. మార్‌స్టన్‌కు నీతిస్పృహ పుట్టుకతోనే లేదు గనక అతని దోషం తక్కువ అన్నది న్యాయమూర్తి వాదం. మనస్సాక్షి లేకపోవడమే శిక్ష తగ్గడానికి కారణమయ్యే న్యాయం ఎవరికి అనుకూలమో వేరే చెప్పనక్కర లేదు.

ఇది ఆ ఉన్మాది న్యాయమూర్తి తక్కెడే గాని రచయిత్రి తక్కెడ కాదు అని ఎవరైనా అనవచ్చు. అందులో కొంత నిజముంది. కానీ ఆ తక్కెడను ప్రశ్నించే గొంతు నవలలో ఒక్కటీ వినబడదు. ఈ నవల ఇంగ్లండులో మొదట వెలువడినప్పుడు దాని పేరులో నల్లవాళ్ళను కించపరిచే మాట ఉండేది. అమెరికాలో 1940లోనే ఆ పేరు మార్చారు. ఇంగ్లండులో అది 1980ల దాకా కొనసాగింది. పేరు మారడం మంచిదే. అయితే పేరు మార్చినవాళ్ళెవరూ లోపలి తక్కెడ జోలికి పోలేదు.

ఈ నవలలో నన్ను బాగా కలవరపెట్టిన పాత్ర ఎమిలీ బ్రెంట్ అనే వృద్ధ కన్య. తన ఇంట్లో పనిచేసే బియాట్రిస్ టేలర్ అనే పిల్ల పెళ్ళికాకుండా గర్భవతి అయితే ఆమెను బయటికి గెంటేసింది. ఆ పిల్ల నీళ్ళలో పడి చనిపోయింది. బ్రెంటుకు పశ్చాత్తాపం లేదు. అదే బ్రెంటు, లంబార్డ్ వదిలేసి వచ్చిన ఆఫ్రికన్ల ప్రస్తావన వచ్చినప్పుడు, వాళ్ళు స్థానిక జాతులవాళ్ళే గదా అని వేరా తేలిగ్గా తీసిపారేస్తే, ఆమెను సరిదిద్దుతుంది. నలుపైనా తెలుపైనా మనుషులందరూ మన సోదరులేనంటుంది. వేల మైళ్ళ దూరాన ఉన్నవాళ్ళు ఆమెకు సోదరులు. తన వంటింట్లో ఉన్న పిల్ల మాత్రం పాపి.

ఈ పాత్రను ఈసారి చదివినప్పుడు నాకు ఇంగ్లండు గుర్తుకురాలేదు. మన సభలు గుర్తుకొచ్చాయి. శ్రామికుల మీద రాసిన కథను గురించి గంటసేపు మాట్లాడి వేదిక దిగి, టీ గ్లాసు అందించిన కుర్రాడి పేరైనా అడగకుండా వచ్చేసిన సందర్భాలు నాకున్నాయి. ఎమిలీ బ్రెంటును సృష్టించిన రచయిత్రి అభ్యుదయవాది కాదు. అయినా మనలాంటివాళ్ళ బలహీనతను ఆమె కలం పట్టుకోగలిగింది.

ఇప్పుడు మరో విందు. 'హాలోయీన్ పార్టీ' (1969) క్రిస్టీ వృద్ధాప్యంలో రాసిన నవల. శిల్పంలో పూర్వపు బిగువు లేదన్నది నిజమే. కానీ మన చర్చకు ఇది చాలా ముఖ్యమైనది. ఒక పల్లెలో రొవేనా డ్రేక్ అనే పెద్దింటావిడ పిల్లలకు పండుగ విందు చేస్తుంది. నీళ్ళ తొట్టిలో తేలే ఆపిల్ పళ్ళను చేతులు వాడకుండా నోటితో అందుకునే ఆట ఒకటి ఉంటుంది. ఒకప్పుడు తానొక హత్య చూశానని జాయిస్ అనే పదమూడేళ్ళ పిల్ల గొప్పగా చెబుతుంది. ఎవరూ నమ్మరు. విందు ముగిసేసరికి ఆ తొట్టిలోనే ముంచి ఆమెను చంపి ఉంటారు. చంపింది ఆతిథ్యమిచ్చిన ఇల్లాలే.

అసలు విషయం జాయిస్ వెనక ఉంది. ఓల్గా అనే పరాయిదేశపు అమ్మాయి ఆ ఊళ్ళో ఒక ధనికురాలైన ముసలావిడకు తోడుగా, సేవచేస్తూ ఉండేది. ముసలావిడ తన ఆస్తిని ఆ అమ్మాయికి రాసింది. ఆ కాగితం దొంగసంతకమని తేల్చారు. ఓల్గా కనబడకుండా పోయింది. తప్పు బయటపడేసరికి తన దేశానికి పారిపోయి ఉంటుందని ఊరంతా సుఖంగా నమ్మింది. నిజానికి ఆమెను చంపేశారు. అసలు వీలునామాను దాచి, దాని స్థానంలో దొంగదాన్ని పెట్టారు. తోడుకని తెచ్చుకున్న పిల్లకు ఆస్తి దక్కడం ఆ ఊళ్ళో ఎవరికీ నమ్మశక్యం కాలేదు. ఆమె దొంగ అంటే మాత్రం వెంటనే నమ్మారు. హంతకులకు ఊరి నమ్మకమే రక్షణ అయింది. విందులో చనిపోయిన పిల్ల కోసం డిటెక్టివ్ పువారో వచ్చాడు. ఓల్గా కోసం ఎవరూ రాలేదు. ఆహ్వానితురాలి చావును వెతుకుతూ పోతే పిలవని మనిషి చావు బయటపడింది. క్రిస్టీ తెలిసి రాసినా తెలియక రాసినా ఈ నిర్మాణం గొప్పది.

అయితే క్రిస్టీ ఇక్కడ ఆగిపోతుంది. హంతకులు దొరకగానే నవల ముగుస్తుంది. నమ్మిన ఊరికి ఏ శిక్షా లేదు, కనీసం సిగ్గూ లేదు. చెడ్డ మనిషిని ఏరిపారేస్తే మంచి సమాజం యథాప్రకారం మిగులుతుందన్నది ఈ ప్రక్రియ ఇచ్చే హామీ. మనం 'మత్తు' అంటున్నది దీన్నే అయితే ఆ మాట నిలుస్తుంది. మత్తు హత్యలో లేదు, ముగింపులో ఉంది.

ముగింపును మార్చి చూపించినవాడు జె.బి. ప్రీస్ట్‌లీ. 'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్' నవల కాదు, నాటకం. 1945లో మొదట సోవియట్ యూనియన్‌లో ప్రదర్శితమైంది, లండన్ రంగస్థలం మీదికి 1946లో వచ్చింది. మన చర్చలోకి అది రావలసిందే. కథాకాలం 1912. బిర్లింగ్ అనే ఫ్యాక్టరీ యజమాని ఇంట్లో కూతురి పెళ్ళి నిశ్చయమైన సందర్భంలో విందు. గూల్ అనే ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఈవా స్మిత్ అనే అమ్మాయి ఘాటైన డిసిన్ఫెక్టెంట్ తాగి చనిపోయిందంటాడు. ఆమె వారానికి ఇరవై రెండున్నర షిల్లింగుల కూలిని ఇరవై అయిదు చెయ్యమని అడిగినందుకు బిర్లింగ్ పనిలోంచి తీసేశాడు. దుకాణంలో దొరికిన రెండో పనిని కూతురు పోగొట్టింది. కాబోయే అల్లుడు కొన్నాళ్ళు ఉంచుకుని వదిలేశాడు. కొడుకు గర్భవతిని చేశాడు. తల్లి ధర్మసంస్థలో ఆమెకు సాయం అందకుండా చూసింది.

ఇక్కడ బల్ల ముందున్న అయిదుగురూ దోషులే. ఒక్కరు కూడా చట్టప్రకారం హంతకులు కారు. క్రిస్టీ అడిగే ప్రశ్న 'ఎవరు చంపారు' అన్నది. ప్రీస్ట్‌లీ అడిగే ప్రశ్న 'ఎవరెవరు కలిసి చంపారు' అన్నది. ఈవా స్మిత్ రంగస్థలం మీద కనిపించదు, కానీ విందు మొత్తాన్ని ఆమే నడిపిస్తుంది. చివర్లో ఆ ఇన్‌స్పెక్టరు నిజమైన పోలీసు కాదని తెలిసి పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకోగానే, ఒక అమ్మాయి ఇప్పుడే చనిపోయిందని, పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఫోను వస్తుంది. తెర పడుతుంది, విచారణ ముగియదు.

ఇప్పటి నవలల పరిస్థితి ఏమిటని విద్యార్థులు అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. లూసీ ఫోలీ రాసిన 'ది గెస్ట్ లిస్ట్' (2020) ఐర్లండ్ తీరంలోని ఒక దీవిలో జరిగే ఆడంబరమైన పెళ్ళి కథ. తుఫాను రాత్రి పెళ్ళికొడుకు హత్యకు గురవుతాడు. చంపినది ఈఫా, ఆ పెళ్ళి ఏర్పాట్లన్నీ చూసిన మనిషి. పెళ్ళికొడుకు, అతని స్నేహితుడు హాస్టలు స్కూల్లో చదివే రోజుల్లో ఆడిన క్రూరమైన ఆటకు ఆమె తమ్ముడు బలైపోయాడు. వాన్ డైన్ నియమం ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. బల్ల వెనక ఉన్న మనిషి హంతకురాలైంది. పైగా నవలలో ఆమె గొంతుకు కూడా చోటుంది.

ఇది ముందడుగే. కానీ దీన్ని వర్గపోరాటమని పొంగిపోనక్కర లేదు. ఈఫా కూలి మనిషి కాదు, ఆ దీవిలో పెళ్ళిళ్ళ వ్యాపారం నడుపుకునే యజమానురాలు. ఆమె పగ ఒక్క కుటుంబం పగ. ఆ రాత్రి గ్లాసులు మోసి, బల్లలు తుడిచిన జీతగాళ్ళు ఈ నవలలో కూడా నేపథ్యమే. విందు హత్యానవల పెళ్ళి వ్యవహర్త దాకా వచ్చింది. వెయిటరు దాకా ఇంకా రాలేదు.

ఇంగ్లీషు విందుల గురించి మనకెందుకు ఇంత చర్చ అన్నవాళ్ళకు ఒక మాట. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలను అద్దె లైబ్రరీల నుంచి తెచ్చుకుని చదివిన పాఠకులు వేలమంది. ఆ పాఠకులు మన పాఠకులు కాదని మనమే తీర్మానించుకున్నాం. పాఠకుడి చేయి పట్టుకుని చివరి పేజీ దాకా నడిపించే విద్యను కాలక్షేప సాహిత్యానికే వదిలేశాం. మన విందులకేమీ కొదవలేదు. పెళ్ళిళ్ళున్నాయి, గృహప్రవేశాలున్నాయి, ఫామ్‌హౌస్ పార్టీలున్నాయి. ఎంగిలి విస్తళ్ళు ఎత్తేవాళ్ళు, కేటరింగువాళ్ళు, వాచ్‌మన్లు ప్రతి విందులోనూ ఉన్నారు. అక్కడ ఏం జరిగిందో అందరికన్నా ఎక్కువ చూసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళను సాక్షులుగా పిలిచే నవల ఒకటి మనవాళ్ళెవరైనా రాస్తే, 'ఎవరు చంపారు' అన్న ప్రశ్నకు కొత్త జవాబు రావచ్చు. అయితే ఒక హెచ్చరిక. మన కథల్లోనూ పనిమనిషి ఎక్కువగా ఏడవడానికో చావడానికో వస్తుంది. ఆమెకు తెలివిని, చూపును, తప్పు చేయగల స్వేచ్ఛను కూడా ఇవ్వకపోతే మనమూ వాన్ డైన్ నియమాన్ని పాటిస్తున్నట్టే.

ఇంతకీ ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు ఇది: "రోజర్స్ పెట్టకపోతే ఇంకెవరు పెడతారని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు నాయనా. రోజర్స్ కూడా అనుకోలేదు." వాడు కాసేపు ఆలోచించి, "ఆ పొద్దున అతనేమైనా తిన్నాడాండీ?" అన్నాడు. పుస్తకం మళ్ళీ తిరగేశాను. అతిథులు తిన్నది ఉంది. అతను తిన్నది నాకు కనబడలేదు.